లేని ర్యాంపుకి నాలుగు శిలాఫలకాలు

ఇంటర్మీడియట్ కెమిస్ట్రీ ప్రాక్టికల్స్‌లో నాకు ముప్పైకి ముప్పై మార్కులు వచ్చాయి. ఆ రెండేళ్ళలో నేను టెస్టు ట్యూబుని ఒక్కసారి కూడా ముట్టుకోలేదు. మా జూనియర్ కాలేజీ ల్యాబు మూడో అంతస్తులో ఉండేది, నేను చక్రాల కుర్చీలో ఉండేదాన్ని. అందుకని ప్రయోగాలు పైన జరిగేవి, మార్కులు కిందికి దిగి వచ్చేవి. పరీక్ష రోజున ఎగ్జామినర్ గారు సైకిల్ స్టాండు దగ్గరికి వచ్చి, నా తల నిమిరి, "ఫుల్ మార్కులు వేశానమ్మా, బెంగపడకు" అన్నారు. పరీక్షకిచ్చిన ఉప్పు ఏదో ఎలా కనిపెట్టాలో చెప్పబోతే "ఎందుకులే తల్లీ, ఎండగా ఉంది" అని వెళ్ళిపోయారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. డిగ్రీ ఎక్కడ చదివినా సరే, ల్యాబు లోపల కూర్చుని చదవాలని ఆ రోజే అనుకున్నాను.

నా పేరు సలోమి. మా నాన్న డేవిడ్‌రాజుకి బస్టాండు వెనక సైకిల్ షాపు ఉంది. ఆ ఏడు నాకు రెండు చోట్ల సీటు వచ్చింది. జిల్లా కేంద్రంలో ఉన్న విశ్వవిద్యాలయంలో ఐదేళ్ళ కెమిస్ట్రీ కోర్సు ఒకటి, మా ఊరి ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో బీఎస్సీ ఒకటి. నా దగ్గరున్న టీసీ మాత్రం ఒక్కటే, దాన్ని పద్నాలుగో తారీకు సాయంత్రంలోపు ఎక్కడో ఒకచోట ఇచ్చెయ్యాలి. రెండు చోట్లకీ ఫోన్ చేసి ఒకే ప్రశ్న అడిగాను. రెండు చోట్లా ఒకే జవాబు వచ్చింది. "ర్యాంపు ఉందమ్మా."

కళ్ళారా చూసిగానీ టీసీ ఇవ్వనన్నాను. ముందు విశ్వవిద్యాలయానికి వెళ్ళాం.

ర్యాంపు నిజంగానే ఉంది. ఉండటం అంటే అలా ఇలా కాదు. సైన్స్ బ్లాకు ముందు మొదలై, రెండు మలుపులు తిరిగి, కెమిస్ట్రీ విభాగం గుమ్మంలో ఆగుతుంది. రెండు వైపులా మెరిసే స్టీలు కమ్మీలు. మా నాన్న వంగి వాలు చూసి, "నిఖార్సయిన పనమ్మా ఇది" అన్నాడు. చక్రాల మీద ఆయన మాట అంటే మాటే.

ర్యాంపు మొదట్లో ఈ కమ్మీ నుంచి ఆ కమ్మీకి ఎర్ర రిబ్బను కట్టి ఉంది. రిబ్బను పక్కన కుర్చీలో ఒక సెక్యూరిటీ గార్డు కూర్చున్నాడు. నేను కుర్చీ ముందుకు తోసేసరికి ఆయన లేచి నిలబడ్డాడు.

"అక్కడే ఆగమ్మా. ఓపెనింగు కాలా."

అంతలో సౌకర్యాల సమన్వయాధికారి డాక్టర్ పరాంకుశం గారు మమ్మల్ని చూసి వచ్చారు. తెల్ల చొక్కా, జేబులో మూడు పెన్నులు, నన్ను చూడగానే మొహం నిండా సంతోషం.

"దివ్యాంగుల సాధికారతకు మా విశ్వవిద్యాలయం సంపూర్ణంగా కట్టుబడి ఉన్నది" అన్నారు. "ఈ ర్యాంపు అందుకు నిదర్శనం."

"ఎక్కి చూడొచ్చాండీ?"

"నిర్మాణం పూర్తయినది. ప్రారంభోత్సవం జరగవలసి ఉన్నది. ప్రారంభోత్సవానికి పూర్వం వినియోగించుట ప్రోటోకాల్ ఉల్లంఘన కిందికి వచ్చును."

"ఎప్పుడు కట్టారండీ దీన్ని?" అన్నాడు నాన్న.

"ఇది ఏడవ సంవత్సరం. మాన్యుల వారి తేదీ లభించవలసి ఉన్నది. ఒకసారి లభించినది, వారి పదవి పోయినది. కొత్తగా వచ్చిన వారికి పాత ఆహ్వానం పంపుట మర్యాద కాదు గనుక ఫైలు మొదటి నుంచి ప్రారంభించాము."

రిబ్బను ఎండకి వెలిసిపోతుంటే ఏడాదికి రెండుసార్లు మారుస్తారట. దానికి ముగ్గురు సభ్యుల రిబ్బను కమిటీ ఉందట. కత్తెర వెండిదట, దాన్ని పళ్ళెంతో సహా బీరువాలో పెట్టారట. ఇదంతా పరాంకుశం గారు గర్వంగా చెప్పారు. నేను ఓపికగా విన్నాను.

"రిబ్బను కిందనుంచి దూరిపోతే? నేనెటూ కూర్చునే ఉంటాను, తల కొంచెం వంచితే చాలు."

పరాంకుశం గారు నన్ను జాలిగా చూశారు. "ఒకసారి చక్రం పడ్డ ర్యాంపును మాన్యుల వారి చేత ఎట్లా ప్రారంభింపజేస్తామమ్మా? అది వారికి వాడిన వస్తువు ఇచ్చినట్లు కాదా?"

"మరి ఇప్పుడు కుర్చీలో ఉన్నవాళ్ళు పైకెట్టా పోతన్నారు?" అని నాన్న అడుగుతుండగానే జవాబు మా పక్కనుంచి వెళ్ళింది. నలుగురు మనుషులు ఒక చక్రాల కుర్చీని నాలుగు వైపులా పట్టుకుని, ర్యాంపుని ఆనుకునే ఉన్న మెట్లమీదుగా మోస్తున్నారు. కుర్చీలో గడ్డం ఉన్న ఒకాయన, ఒళ్ళో పుస్తకం. పేరు ఇర్ఫాన్. ఆ మనుషులు పదో మెట్టు దగ్గర ఊపిరి తీసుకోవడానికి ఆగితే ఆయన పైనుంచి నన్ను పలకరించాడు.

"చేరతన్నావా చెల్లెమ్మా?"

"ఆలోచిస్తన్నానన్నా. మీరెప్పుడు చేరారు?"

"ఈ ర్యాంపు కట్టిన ఏడాదే. దాన్ని చూసే చేరా. డిగ్రీ అయింది, పీజీ అయింది, ఇప్పుడు పీహెచ్‌డీ." మనుషులు మళ్ళీ ఎత్తేసరికి ఆయన గొంతు ఇంకా పైకి పోయింది. "నలభై రెండు మెట్లమ్మా. వీళ్ళలో ఒకరు సెలవు పెడితే నాకూ సెలవే!"

పరాంకుశం గారు గొంతు తగ్గించారు. "మీ అమ్మాయి తప్పక చేరాలండీ. మాన్యుల వారి కార్యాలయం లబ్ధిదారుల సంఖ్య అడుగుచున్నది. ప్రస్తుతం ఇద్దరు. ఇద్దరి కోసం అంతటివారు రారు. మూడవ వ్యక్తి చేరినచో 'పలువురు' అని వ్రాయవచ్చును. ఆ తరువాత తేదీ లభించుటకు అవకాశములు మెండు."

ఆలోచించుకుని చెప్తామని వచ్చేశాం. ఆయనకి యూనివర్సిటీ అనే మాట మీద మనసుంది. షాపుకొచ్చేవాళ్ళకి చెప్పుకోవాలని ఉంది, అది నాకు తెలుసు. బస్సులో కూర్చున్నాక, "వాలు మాత్రం భలే తీశాడమ్మా" అన్నాడు దిగులుగా.

మర్నాడు మా ఊరి డిగ్రీ కాలేజీకి వెళ్ళాం. ఇక్కడ కెమిస్ట్రీ ల్యాబు కింది అంతస్తులోనే ఉంది. తరగతి గదులూ అదే వరండాలో ఉన్నాయి. నేలకీ వరండాకీ మధ్య మూడే మూడు మెట్లు. మెట్ల పక్కన సిమెంటు దిమ్మెల మీద నాలుగు నల్ల గ్రానైటు ఫలకాలు వరసగా నిలబడి ఉన్నాయి. ర్యాంపు ఎక్కడా కనపడలేదు.

అటెండరు తిరపతయ్య గారు తుడుపు గుడ్డతో ఫలకాలు తుడుస్తున్నాడు. "ర్యాంపు యాడుందండీ?" అని నాన్న అడిగితే ఆయన గుడ్డతోనే ఫలకాలు చూపించాడు. "సదూకోండి."

చదువుకున్నాం. మొదటి ఫలకం మీద, వికలాంగ విద్యార్థుల సౌకర్యార్థం ర్యాంపు నిర్మాణమునకు ఫలానా మాన్యుల అమృత హస్తములచే శంకుస్థాపన అని ఉంది. రెండోదాని మీద అదే ర్యాంపుకి అదే మాన్యుల చేత ప్రారంభోత్సవం. రెండిటికీ మధ్య పదకొండు రోజులు. ఎన్నికల ప్రకటన వచ్చేస్తోందని తొందరపడ్డారట. మూడోదాని మీద వికలాంగులు దివ్యాంగులయ్యారు, మాన్యులు మారారు, మళ్ళీ శంకుస్థాపన జరిగింది. నాలుగోదాని మీద, "ర్యాంపు విస్తరణ పనుల ప్రారంభోత్సవం" అని బంగారు రంగు అక్షరాలున్నాయి. ఆ మాన్యుడికి ఏడు బిరుదులు. అవి పట్టక చివరి రెండూ అంచు మీద చెక్కారు.

"విస్తరించారా?" అన్నాను.

"ఆ. ఎడల్పు పెంచారు" అన్నాడు తిరపతయ్య గారు నవ్వకుండా. "మామిడాకులు కట్టింది నేనే."

ప్రిన్సిపాల్ శేషారత్నం మేడం మెట్లు దిగి బయటికే వచ్చి మాతో మాట్లాడారు. మనిషి మంచిదే. చేతిలో ఫైలు లేనప్పుడు మనలాగే మాట్లాడుతుంది. ఆ రోజు ఆమె చేతిలో ఫైలు ఉంది.

"రికార్డుల ప్రకారం మన కళాశాలకు ర్యాంపు కలదు" అన్నారు. "విస్తరింపబడినది కూడా."

"నేల మీద లేదు కదా మేడం. కొత్తగా ఒకటి కట్టమని రాయకూడదా?"

"ఉన్న ర్యాంపును మరల నిర్మించమని ఎట్లా కోరుతాము? ముందు ఉన్నదానిని శిథిలమైనట్లు ప్రకటించి, కూల్చివేయుటకు ఇంజినీరు గారి అనుమతి పొందవలెను. ఆయన వచ్చారు. చూచారు. కూల్చుటకు తగిన పగుళ్ళు ఏమియూ కనపడలేదని వ్రాసి వెళ్ళారు."

పద్నాలుగో తారీకు మధ్యాహ్నం దాకా ఇంట్లో ఇదే గొడవ. అమ్మ ఊరి కాలేజీ అంది. నాన్న యూనివర్సిటీ అన్నాడు. నన్ను అడిగితే నేను లెక్క చెప్పాను. అక్కడ నలభై రెండు మెట్లు, ఇక్కడ మూడు. అక్కడున్న ర్యాంపుకి కాపలా ఉంది, లేని ర్యాంపుకి రిబ్బను కట్టలేరు. మూడు మెట్లే కదా, ఎవరో ఇద్దరు పడితే ల్యాబులో ఉంటాను. సాయంత్రం నాలుగున్నరకి నా టీసీ శేషారత్నం మేడం బల్ల మీద పెట్టి వచ్చాడు నాన్న.

తప్పు లెక్క వేశానని మొదటి రోజే తెలిసింది. నాన్నా, తిరపతయ్య గారూ కలిసి నా కుర్చీ ఎత్తబోతుంటే మేడం పరుగున వచ్చారు.

"దింపండి, దింపండి! ర్యాంపు ఉండగా విద్యార్థినిని మోసుకెళ్ళుట నేరం. ఎవరైనా ఫొటో తీస్తే, ర్యాంపు లేదని అర్థం వస్తుంది!"

"లేదు గదమ్మా" అన్నాడు నాన్న.

"లేదని మీరంటారు. నాలుగు ఫలకాలు ఉన్నదంటున్నాయి. నేనెవరి మాట నమ్మాలి?"

ఆ సాయంత్రమే సర్క్యులర్ వచ్చింది. చక్రాల కుర్చీ విద్యార్థులు విధిగా ర్యాంపు ద్వారానే రాకపోకలు సాగించవలెనని. కాలేజీ మొత్తానికి అలాంటి విద్యార్థిని నేనొక్కదాన్నే. కాబట్టి రోజూ పొద్దున్నే వచ్చి, ఫలకాల పక్కన, ల్యాబు కిటికీ కింద కుర్చీ ఆపుకునేదాన్ని. లోపలినుంచి గాజు సామాను చప్పుడు వినపడేది. అమ్మోనియా వాసన వచ్చేది. కిటికీ ఎత్తు నా నెత్తి కంటే రెండడుగులు పైన. మూడు వారాల పాటు నేను రసాయన శాస్త్రాన్ని ముక్కుతో చదివాను.

నాలుగో వారం కెమిస్ట్రీ మాస్టారు కిటికీలోంచి తల బయటపెట్టారు.

"సలోమీ, ప్రాక్టికల్స్ గురించి దిగులు పెట్టుకోకమ్మా. ముప్పైకి ముప్పై వేసేస్తాను."

ఆయన ప్రేమగానే అన్నారు. నాకు మాత్రం ఏడుపొచ్చింది, ఏడుపు వెనకే కోపం వచ్చింది. ఇంటికెళ్ళి సమాచార హక్కు దరఖాస్తు రాశాను. వాళ్ళ భాష నాకూ కొద్దిగా పట్టుబడింది. "కళాశాల యందు నిర్మింపబడి, ప్రారంభింపబడి, తదుపరి విస్తరింపబడిన ర్యాంపు యొక్క పొడవు, వెడల్పు, ఎత్తు మరియు వాలు తెలియజేయగలరు. విస్తరణకు ముందు కొలతలు, తరువాత కొలతలు వేర్వేరుగా తెలుపగలరు."

కాలేజీ విద్యాశాఖ ప్రాంతీయ కార్యాలయంలో ఆ దరఖాస్తు చదివి తల గీరుకున్నారు. ఫైలులో అన్నీ ఉన్నాయి, కొలతలు లేవు. కొలిచి రమ్మని ముగ్గురు సభ్యుల బృందాన్ని వేశారు. గురువారం పదకొండు గంటలకి వస్తున్నామని బుధవారం పొద్దున కబురొచ్చింది.

శేషారత్నం మేడం వచ్చి నా పక్కన మెట్టు మీద కూలబడ్డారు. చేతిలో ఫైలు లేదు.

"ఎంత పని చేశావే పిల్లా" అన్నారు. "రేపు వాళ్ళకేం చూపించను? నేను చేరక ముందే అన్ని ఓపెనింగులూ అయిపోయినయ్యి. నా హయాంలో కొబ్బరికాయ కూడా కొట్టలా."

నాకు అన్నం తెచ్చిన నాన్న ఆ మాటలు విన్నాడు. ఆయన మేడం వైపు చూడలేదు. ఫలకాల వైపు చూస్తున్నాడు. మా ఊళ్ళో ప్రతి ఇంటి ముందూ మురుక్కాలవ ఉంటుంది. ఎవరి కాలవ మీద వాళ్ళు బండ పరుచుకుని దాటుతారు. మునిసిపాలిటీ వచ్చి వేస్తుందని ఎవరూ ఎదురుచూడరు.

"నా షాపు ముందర కాలవ మీద బండేసుకోలా?" అన్నాడు నాన్న. "ఇదీ అంతే. రాళ్ళు ఈడనే ఉన్నయ్యి గదా."

జేబులోంచి టేపు తీశాడు. మెట్ల ఎత్తు కొలిచాడు, పదహారు అంగుళాలు. ఫలకాలు కొలిచాడు, ఒక్కోటీ నాలుగు అడుగుల పొడుగు, మూడు అడుగుల వెడల్పు. నాలుగూ వరసగా పడుకోబెడితే పదహారు అడుగులు. అంగుళం ఎత్తుకి అడుగు పొడుగు ఉండాలని రూలు. ఒక్క అంగుళం తేడా రాలేదు. ఆ మాన్యులందరూ కలిసి ఆ కాలేజీకి చేసిన ఉపకారం అదొక్కటే.

మేడం చెవులు మూసుకున్నారు. "మాన్యుల పేర్లు నేల మీద పరుస్తారా! నా ఉద్యోగం పోతుంది."

"బోర్లా ఏద్దాం మేడం, పేర్లు కనపడవు" అన్నాడు తిరపతయ్య గారు.

"మాన్యులను బోర్లా పడేశారంటారు!"

"అయితే ఎల్లకిలా."

"తొక్కారంటారు!"

దీని మీద అత్యవసర స్టాఫ్ మీటింగు జరిగింది. కింద ఎవరిని వెయ్యాలి, పైన ఎవరిని వెయ్యాలి అన్నదానికే గంట పట్టింది. తెలుగు మాస్టారు తారీకుల వరసన వెయ్యమన్నారు, చరిత్ర మేడం పదవుల వరసన అన్నారు. ప్రస్తుతం పదవిలో ఉన్నది ఏడు బిరుదులవాడే కాబట్టి రెండు వరసల్లోనూ ఆయనే పైన వచ్చాడు, వివాదం సద్దుమణిగింది. తీర్మానం ఇలా రాశారు: "తనిఖీ బృందం చదువుటకు వీలుగా ఫలకములు వెల్లకిలా అమర్చవలెను. మాన్యుల గౌరవార్థం వాటిపై చెప్పులతో గాని, చెప్పులు లేకుండా గాని ఎవరూ పాదం మోపరాదు. మోటారు వాహనములు నిలుపరాదు."

నేను ఆ తీర్మానం రెండుసార్లు చదివాను. అందులో చక్రాల కుర్చీ ఊసు ఎక్కడా లేదు. నాకు నవ్వు ఆగలేదు.

ఆ మధ్యాహ్నం నాన్న గునపంతో దిమ్మెలు పెళ్ళగించాడు. రెండో సంవత్సరం వాళ్ళు ఇటుక ముక్కలూ ఇసుకా మోశారు. తిరపతయ్య గారు నీళ్ళు చల్లి దిమ్మిస కొట్టాడు. పొద్దు వాలేసరికి మాన్యులందరూ ఒకరి కాళ్ళ దగ్గర ఒకరు చక్కగా పడుకున్నారు.

గురువారం పదకొండు గంటలకి బృందం వచ్చింది. టేపు పెట్టారు. పొడవు పదహారు అడుగులు. వాలు సరిపోయింది.

"నిర్మాతల పేర్లు ర్యాంపు మీదనే చెక్కించుట అభినందనీయం" అన్నాడు బృందం పెద్ద. "ఇట్టి పారదర్శకత మేము ఎచ్చటా చూడలేదు. ప్రారంభోత్సవం అయినదా?"

"రెండుసార్లు అయింది సార్" అన్నాను నేను. "శంకుస్థాపనలు కూడా కలుపుకుంటే నాలుగు."

ఆయన సంతోషించి ర్యాంపు మీద కాలు పెట్టబోయాడు. తిరపతయ్య గారు చీపురు అడ్డం పెట్టి తీర్మానం చూపించాడు. ముగ్గురూ చదివి, వెనక్కి తగ్గి, మెట్ల మీదుగా పైకెళ్ళి నిలబడ్డారు. అప్పుడు అందరూ నావైపు చూశారు. మేడం కూడా చూశారు. కళ్ళు మూసుకుని, "వెళ్ళు" అన్నట్టు చెయ్యి ఊపారు.

గ్రానైటు నున్నగా ఉంటుంది, జారుతుందేమోనని నాన్నకి భయం. వెనకే వస్తానన్నాడు, ఆయనకీ పాదాలున్నాయి కాబట్టి కుదరలేదు. నేనే తోసుకున్నాను. చెక్కిన అక్షరాల్లో చక్రం పట్టు తీసుకుంది. "అమృత హస్తములచే" దగ్గర కొంచెం గరగరలాడింది. మూడో ఫలకం మీద చేతులు నొప్పి పుట్టాయి. నాలుగో ఫలకం దగ్గరే వాలు కష్టంగా ఉంటుందనుకున్నాను, అక్కడే సుళువుగా వెళ్ళింది, ఏడు బిరుదులు మరి. ఆ బిరుదులు ఎవరికైనా పనికి రావడం నేను చూడటం అదే మొదలు. వరండాలోకి వచ్చి వెనక్కి తిరిగి చూస్తే నాన్న మెట్ల కింద నిలబడి టేపు చుట్టుకుంటున్నాడు, కళ్ళు తుడుచుకుంటూ.

ఆ ర్యాంపు ఇప్పటికీ అలాగే ఉంది. ఊళ్ళో ఉన్న మిగతా ర్యాంపుల మీద బైకులుంటాయి, బట్టలారేస్తారు, మిరపకాయలు ఎండబెడతారు. మా కాలేజీ ర్యాంపు మీదికి నేను తప్ప పిల్లి కూడా రాదు. తిరపతయ్య గారు రోజూ తుడుస్తాడు. ఎన్నికలొస్తే పేర్ల మీద కాగితాలంటిస్తాడు, ఆ నెల మాత్రం నాకు కొంచెం జారుతుంది. ఇర్ఫాన్ అన్న ఫోన్ చేసినప్పుడల్లా కొత్త రిబ్బను రంగు చెప్తాడు.

మొదటి ఇంటర్నల్ ప్రాక్టికల్ ఆ తర్వాతి నెలలో జరిగింది. బ్యూరెట్ నాకు అందదని తిరపతయ్య గారు స్టాండుని ముక్కాలిపీట మీదికి దించి పెట్టాడు. పిపెట్‌లోకి పీల్చిన ద్రావణం గీత దాటిపోయింది. ఒక కోనికల్ ఫ్లాస్కు పగిలింది. ఫ్లాస్కులో లేత గులాబీ రంగు రాగానే బ్యూరెట్ ఆపాల్సింది, నేను ఆ రంగు రావడం చూస్తూ ఆపడం మర్చిపోయాను. మా చర్చిలో పండక్కి కట్టే ముదురు గులాబీ కాగితప్పువ్వుల రంగు వచ్చింది. వైవాలో మాస్టారు నాలుగు ప్రశ్నలడిగారు, రెండు తప్పు చెప్పాను. ఆయన నా తల నిమరలేదు. కళ్ళజోడు సర్దుకుని, "చాలా నేర్చుకోవాలి నువ్వు" అన్నారు కటువుగా.

సాయంత్రం మార్కుల కాగితం పట్టుకుని షాపుకి వెళ్ళాను. నాన్న చదివి దిగాలు పడిపోయాడు.

"ముప్పైకి పదకొండా! ఆ కిటికీ కిందే కూర్చోనుంటే ముప్పైకి ముప్పై ఏసేవోళ్ళు గదమ్మా?"

"అయ్యి వాళ్ళు ఏసుకున్న మార్కులు నాన్నా. ఇయ్యి నాయి."

నాన్న ఇంకోసారి చూశాడు. తర్వాత గమ్ము డబ్బా తెచ్చి, పంక్చరు వేసేటంత శ్రద్ధగా కాగితం వెనక పూసి, గాలి పంపు పైన గోడకి అంటించాడు. గాలి కొట్టించుకోవడానికొచ్చినాయన ఎవరిదని అడిగితే, "మా అమ్మాయిది, పదకొండు" అన్నాడు.